ఎండ, యూవీ, టెంపరేచర్–తేమ సెన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ డాబాల మీద, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కళ్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, పాలీహౌస్‌లలో సెన్సర్లు పెట్టుకున్నవాళ్లకు ఏటా మార్చి దాటగానే ఇవే సందేహాలు వస్తాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదటి అనుమానాలు

డాబా మీద సెన్సర్ 48 చూపిస్తోంది, ఫోన్‌లో 41 ఉంది. యూవీ వల్లేనా?

కాదు. నేలకు చేరే ఎండలో శక్తి లెక్కన యూవీ (కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు) వాటా దాదాపు 5 శాతమే. నడి మధ్యాహ్నం చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ పడుతుంటే, అందులో యూవీ 50 వాట్ల లోపు. మిగతాదంతా కంటికి కనిపించే వెలుగు, పరారుణ కిరణాలు. సెన్సర్‌ను కాచేది అవే. సెన్సర్ ఎప్పుడూ తన ఒంటి వేడినే చూపిస్తుంది. అది గాలి వేడితో సమానంగా ఉండేలా చూసుకోవడం మన పని. నీడ, గాలి దొరకగానే పావుగంటలో రీడింగ్ దిగివస్తే అది ఉత్త ఎండ వేడి, సెన్సర్‌కు ఏమీ కాలేదు. యూవీ పని అలా ఉండదు. అది నెలల తరబడి చాపకింద నీరులా జరుగుతుంది, నీడలోకి తెచ్చినా పోదు.

అయితే యూవీ అసలు దేన్ని పాడుచేస్తుంది?

ముందుగా తేమ కొలిచే పొరను. చాలా డిజిటల్ సెన్సర్లలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కొన్ని మైక్రాన్ల మందం పాలిమర్ పొర ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే పొర నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. పాలిమర్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3, 4 దగ్గర ఉంటే నీటిది దాదాపు 80. కాబట్టి రవ్వంత నీరు చేరినా కెపాసిటెన్స్ (చార్జిని దాచుకునే సామర్థ్యం) మారుతుంది, చిప్ దాన్ని తేమ శాతంగా లెక్కగడుతుంది. యూవీ ఈ పొరలోని బంధాలను తెంపుతుంది, తెగినచోట ఆక్సిజన్ అతుక్కుంటుంది. ఇక ఆ పొర అదే గాలిలో ఇదివరకటంత నీరే పీల్చుకుంటుందన్న హామీ లేదు. ఫ్యాక్టరీలో చేసిన కాలిబ్రేషన్ కొత్త పొరకు చేసినది, ఇప్పుడున్నది వేరే పొర. పాలిమర్ రకాన్ని బట్టి రీడింగ్ ఎక్కువ వైపుకైనా జరగొచ్చు, తక్కువ వైపుకైనా జరగొచ్చు.

పొర తరవాత వంతు డబ్బా, వైర్లు, ఎపాక్సీ పూతలది.

టెంపరేచర్ కొలిచే భాగానికి యూవీ ఏమీ చేయదా?

సిలికాన్ చిప్‌నో, థర్మిస్టర్ పూసనో నేరుగా ఏమీ చేయదు. దాని చుట్టూ ఉన్న ఎపాక్సీని మాత్రం పసుపు పట్టించి, సన్నని పగుళ్లు తెస్తుంది. జూన్‌లో వానలు పడగానే ఆ పగుళ్లలోకి చెమ్మ దిగుతుంది, రెండు కాళ్ల మధ్య కరెంటు పాకడానికి దొంగదారి ఏర్పడుతుంది. 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే రకం), బీటా విలువ (ఆ తగ్గుదల వేగాన్ని చెప్పే అంకె) 3950 అనుకోండి. 25 డిగ్రీల దగ్గర దానికి సమాంతరంగా 1 మెగా ఓమ్ లీకేజీ ఉంటే రీడింగ్ 0.2 డిగ్రీలు పెరుగుతుంది. లీకేజీ 100 కిలో ఓమ్‌లకు దిగితే 2.2 డిగ్రీలు పెరుగుతుంది. పీటీ100 అనే ప్లాటినం ప్రోబ్‌లో ఇదే 100 కిలో ఓమ్‌ల లీకేజీ 0.3 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే దాని నిరోధం వేడితో పెరిగే రకం. వేసవంతా బాగా పనిచేసి వానాకాలంలో చిత్రమైన రీడింగులు ఇచ్చే ప్రోబ్‌ల కథ ఎక్కువగా ఇదే. నేరం ఎండది, నింద వానకు.

## కొనేముందు

బయట పెట్టడానికి ఏ సెన్సర్ తీసుకోవాలి?

డీహెచ్‌టీ11 బయటికి పనికిరాదు. తేమలో ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, వేడిలో 2 డిగ్రీల తేడాను కంపెనీయే ఒప్పుకుంటుంది. డీహెచ్‌టీ22 కొంత నయం, అయితే ఎక్కువ కాలం గట్టి వెలుతురులో, యూవీలో ఉంచితే పనితీరు తగ్గుతుందని దాని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. షీల్డులో (ఎండ తగలకుండా, గాలి ఆడేలా చేసిన తెల్లని తొడుగు) పెట్టి, ఏడాదికోసారి మార్చుకోవడానికి సిద్ధపడితే వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి ఉంచాలంటే ఎస్‌హెచ్‌టీ31 మేలు: తేమలో 2 శాతం, వేడిలో 0.2 డిగ్రీల దగ్గర. వీలైతే తెల్లని పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఫిల్టర్ మూత ఉన్నది తీసుకోండి. పీటీఎఫ్ఈ యూవీకి చెక్కుచెదరదు, ఆవిరిని పోనిస్తుంది, నీటి చుక్కను ఆపుతుంది.

బీఎంఈ280 తేమ, వేడి, పీడనం మూడూ ఇస్తుంది కాబట్టి ఆకర్షణీయమే. కాకపోతే దాని లోహపు మూతకున్న రంధ్రంలోంచి వెలుగు నేరుగా పడితే పీడనం రీడింగ్ తప్పుతుంది.

డబ్బా త్రీడీ ప్రింట్ చేయిద్దామనుకుంటున్నాం. ఏ ప్లాస్టిక్?

ఏఎస్ఏ. బయటి ఎండ కోసం ఉన్న ప్లాస్టిక్ అది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, రోహిణి కార్తె ఎండలో ముదురు రంగు పీఎల్ఏ డబ్బా వంగిపోవడం ఖాయం. ఏబీఎస్ వేడికి ఆగుతుంది కానీ అందులోని బ్యూటడైన్ రబ్బరును యూవీ తినేస్తుంది. ముందు పసుపెక్కి, తరవాత పెళుసుబారుతుంది. పసుపెక్కడం అందం సమస్య మాత్రమే కాదు, రంగు మారిన డబ్బా ఎండను ఎక్కువ పీల్చుకుని రీడింగ్‌ను పైకి తోస్తుంది. పీఈటీజీ మధ్యస్థం, తెల్ల రంగు వేస్తే రెండు వేసవులు లాగించొచ్చు.

ముందు గాజు పలకో పాలికార్బనేట్ షీటో పెడితే యూవీ ఆగుతుంది కదా?

ఆగుతుంది. పాలికార్బనేట్ దాదాపు మొత్తం ఆపేస్తుంది. మామూలు గాజు యూవీ-బీని చాలావరకు ఆపి, యూవీ-ఏలో కొంత వదులుతుంది. కానీ వెలుగు లోపలికి వచ్చి వేడిగా మారి బయటికి పోలేదు. ఎండలో అద్దాలెత్తి నిలిపిన కారు గుర్తుందిగా? పారదర్శకమైన అడ్డు వద్దు, గాలి ఆడే తెల్లని అడ్డు కావాలి.

## బిగించేటప్పుడు

ఉత్తరం వైపు గోడకు పెడితే ఎండే పడదు కదా, షీల్డు ఎందుకు?

మన దగ్గర ఈ లెక్క తప్పుతుంది. విజయవాడ, గుంటూరు 16 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరానికే ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా ఈశాన్యం వైపు పొడిచి వాయవ్యం వైపు కుంగుతాడు కాబట్టి పొద్దున, సాయంత్రం ఉత్తరపు గోడ మీద ఏటవాలు ఎండ పడుతుంది. అంటే ఎండలు మండే నెలల్లోనే ఉత్తరం గోడకు నీడ హామీ లేదు. పైగా గోడ రాత్రి 9 దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సూర్యుడు దక్షిణాన ఉండే చలికాలంలో మాత్రం ఆ గోడ భేషైన చోటు.

గోడకు పెట్టక తప్పదంటే కనీసం అడుగున్నర ఎడం ఇచ్చే బ్రాకెట్, దాని మీద షీల్డు పెట్టండి.

ఇంట్లోనే షీల్డు చేసుకోవచ్చా? కొలతలు చెప్పండి.

చేసుకోవచ్చు, కంపెనీ షీల్డుకు పెద్దగా తీసిపోదు కూడా. కావలసినవి: పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు 8, వ్యాసం 15 నుంచి 18 సెం.మీ.; 5 మి.మీ. స్టెయిన్‌లెస్ మరసీల కడ్డీలు 3, ఒక్కోటి 25 సెం.మీ.; నట్లు, వాషర్లు; 18 మి.మీ. పొడవు కోసిన పీవీసీ గొట్టం ముక్కలు 21.

ప్లేట్లను బోర్లించి, అంచుకు 2 సెం.మీ. లోపలగా మూడు వైపులా సమాన దూరంలో కడ్డీలకు రంధ్రాలు వేయండి. పైనుంచి రెండు ప్లేట్లు, అన్నిటికంటే కింది ప్లేటు అలాగే ఉంచి, మధ్యలోని అయిదింటికి 7 సెం.మీ. గుండ్రని రంధ్రం కోయండి. ఒక్కో ప్లేటు మధ్య ఒక్కో కడ్డీకి ఒక గొట్టం ముక్క వచ్చేలా పేర్చి బిగించండి. పైన రెండు మూసిన ప్లేట్లు ఎందుకంటే, మొదటిది ఎండకు కాగుతుంది, రెండోది దాని కింద గాలి పొర సాయంతో ఆ వేడిని ఆపుతుంది. ఒక్కటే పెట్టినవాళ్లకు మధ్యాహ్నం రీడింగ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది.

సెన్సర్‌ను మధ్య ప్లేట్ల గుల్లలో, ఏ వైపునా ప్లేటుకు తగలకుండా వేలాడదీయండి. సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ లోపల వద్దు. ఈఎస్‌పీ వైఫై బోర్డు తన వేడితోనే ఒకటి రెండు డిగ్రీలు కలుపుతుంది. దాన్ని కింద వేరే డబ్బాలో పెట్టి, వైరు ఒక్కటే పైకి తీసుకోండి.

ఎత్తు: నేల మీదైతే 1.25 నుంచి 2 మీటర్లు. డాబా మీదైతే 2 మీటర్లకు తగ్గించకండి, నల్ల నీళ్ల ట్యాంకుకూ ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కూ దూరంగా ఉంచండి. ఎంత చేసినా డాబా రీడింగ్ డాబాదే, వాతావరణ శాఖ రీడింగ్‌తో అచ్చంగా సరిపోదు.

షీల్డుకు ఏ రంగు వేయాలి?

బయటి గోడలకు వేసే తెల్ల యాక్రిలిక్ ఎమల్షన్, రెండు కోట్లు. సింథటిక్ ఎనామెల్ మెరుస్తుంది కానీ త్వరగా పసుపెక్కుతుంది. తెల్ల రంగులోని టైటానియం డయాక్సైడ్ కనిపించే వెలుగును తిప్పికొడుతుంది, యూవీని తనే పీల్చుకుని కింది ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. చెయ్యి రుద్దితే సుద్దపొడిలా అంటుతోందంటే పూత అయిపోయినట్టు, మళ్లీ వేయండి.

లోపల ఫ్యాన్ పెట్టాలా?

గాలి ఆడే చోటైతే అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో గాలి స్తంభించిన మధ్యాహ్నాలే సమస్య: ఫ్యాన్ లేని షీల్డులో అప్పుడు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ రావడం మామూలే. 80 మి.మీ. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్‌ను సెన్సర్ దాటాక, గాలిని బయటికి లాగేలా పెట్టండి. ముందు పెట్టి ఊదిస్తే మోటారు వేడి సెన్సర్ మీదికే వస్తుంది.

వైర్లు, టై‌లు ఏవి వాడాలి?

నల్లవి. తెల్ల నైలాన్ టై ఒక్క వేసవికే పుటుక్కున విరుగుతుంది. నల్లదాంట్లో ఉండే కార్బన్ బ్లాక్ యూవీని మింగేస్తుంది. వైరును మామూలు పీవీసీ ఎలక్ట్రికల్ పైపులో దూర్చితే ఇంకా మంచిది. పైపు కింది మొన మూయకండి, చెమ్మ కారిపోవాలి.

## రీడింగ్ తేడాగా ఉన్నప్పుడు

ఇది ఎండ వేడి తప్పా, తేమ పొర పాడైందా? ఎలా తేల్చుకోవాలి?

డ్యూ పాయింట్ లెక్క వేయండి. దీన్ని మించిన పరీక్ష లేదు, ఖర్చూ లేదు.

గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్, గాలిలో నీటి ఆవిరి ఎంతుందో అది చెబుతుంది. సెన్సర్ ఎండకు కాగితే తేమ శాతం పడిపోతుంది గానీ గాలిలోని ఆవిరి మారదు కాబట్టి డ్యూ పాయింట్ కదలదు. ఉదాహరణకు అసలు గాలి 38 డిగ్రీలు, తేమ 45 శాతం. డ్యూ పాయింట్ 24 వస్తుంది. సెన్సర్ కాగి 42 చూపిస్తే తేమ 36 శాతానికి దిగుతుంది. రెండంకెలూ తప్పే. అయినా 42, 36తో లెక్కవేస్తే డ్యూ పాయింట్ మళ్లీ 24 దగ్గరే వస్తుంది. అంటే పొర బాగుంది, షీల్డు బాగాలేదు.

అదే 38 సరిగ్గా చూపిస్తూ తేమ 51 అంటే డ్యూ పాయింట్ 26 అవుతుంది. గాలిలో లేని ఆవిరిని సెన్సర్ కల్పిస్తోందన్నమాట. పొర మీద అనుమానపడాల్సింది ఇక్కడ.

పోల్చడానికి అసలు విలువ ఎక్కడ దొరుకుతుందంటే, గన్నవరం విమానాశ్రయం ఇచ్చే మెటార్ అనే వాతావరణ నివేదికలో. స్టేషన్ కోడ్ వీఓబీజెడ్. అందులో 38/24 అని కనిపిస్తే మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్. ఊరికీ విమానాశ్రయానికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండొచ్చు గానీ, వాన లేని రోజు గాలి బాగా వీచే వేళ డ్యూ పాయింట్ దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకండి, నాలుగైదు రోజులవి పోల్చండి. కృష్ణ ఒడ్డున, తడిపెట్టిన పొలం పక్కన ఉన్న సెన్సర్లకు ఈ పోలిక నప్పదు.

సెన్సర్ మీద టార్చి వేస్తే రీడింగ్ ఎగిరింది. పాడైనట్టేనా?

ఎంత వేగంగా ఎగిరిందో చూడండి. సిలికాన్ మీద వెలుగు పడితే చిన్న కరెంటు పుడుతుంది. చిప్ పైకి కనిపించే రకం సెన్సర్లలో అది కొలతలో కలుస్తుంది. మామూలు ఎల్ఈడీ టార్చిని ఒక అడుగు దూరం నుంచి 10 సెకన్లు వేయండి. వేసిన మరుక్షణం మారి, తీయగానే వెనక్కి వస్తే అది వెలుగు ప్రభావం. సెన్సర్‌ను చీకట్లో ఉంచితే చాలు. నిదానంగా ఎక్కి నిదానంగా దిగితే వేడి. దొంగనోట్లు చూసే యూవీ టార్చితోనూ ఇదే పరీక్ష చేయొచ్చు, కళ్లలోకి మాత్రం వేయకండి. పది సెకన్ల యూవీ టార్చికి పొర పాడవదు.

డీఎస్18బీ20 మధ్యమధ్యలో 85 అనీ, మైనస్ 127 అనీ చూపిస్తోంది.

రెండూ ఉష్ణోగ్రతలు కావు. 85 అంటే కరెంటు పోయి వచ్చింది, ఇంకా కొలవలేదు. మైనస్ 127 అంటే సెన్సర్ జవాబే ఇవ్వలేదని ప్రోగ్రాంలోని లైబ్రరీ (సెన్సర్‌ను చదివే కోడ్) చెప్పే మాట. ఎండకు చిట్లిన వైరు తొడుగును, లోపల పచ్చగా చిలుమెక్కిన రాగిని వెతకండి.

## యూవీ లైట్లున్న గదుల్లో

ఆపరేషన్ థియేటర్‌లో యూవీ ట్యూబ్ వేయగానే తేమ 55 నుంచి 49కి పడిపోతోంది. సెన్సర్ తప్పా?

ముందు ఉష్ణోగ్రత చూడండి. ట్యూబ్, దాని బ్యాలస్ట్ (చోక్) వేడికి, ఏసీ ఆపడం వల్ల గది 24 నుంచి 26కి చేరితే, ఉన్న ఆవిరి అంతే ఉన్నా తేమ 55 నుంచి 49 శాతానికి దిగాలి. సెన్సర్ నిజమే చెబుతోంది. ఉష్ణోగ్రత కదలకుండా తేమ ఒక్కటే క్షణంలో దూకితే బ్యాలస్ట్ నుంచి వచ్చే విద్యుత్ గోలను అనుమానించండి: వైరును ట్యూబ్ వైరుకు దూరంగా, షీల్డెడ్ కేబుల్‌తో లాగండి.

ఆ గదిలో సెన్సర్ ఎక్కడ పెట్టాలి?

ట్యూబ్ కంటికి కనపడే చోట వద్దు. ఈ ట్యూబుల వెలుగు తరంగదైర్ఘ్యం 254 నానోమీటర్లు, ఎండలోని యూవీ కంటే చాలా కరుకైనది. వాతావరణం అడ్డుకోవడం వల్ల ఈ రకం ఎండలో నేలకు చేరనే చేరదు. కాబట్టి ఎండకు తట్టుకునే ప్లాస్టిక్ దీనికీ తట్టుకుంటుందనుకోవద్దు. వెనక్కి వెళ్లే గాలి డక్ట్‌లో పెట్టడం ఉత్తమం. కుదరకపోతే స్టెయిన్‌లెస్ రేకును ఎల్ ఆకారంలో వంచి అడ్డు పెట్టండి. అల్యూమినియం రేకు వద్దు, ఈ కిరణాలను అద్దంలా తిప్పి లోపలికే కొడుతుంది.

వేయగానే ఘాటు వాసన వస్తుంటే ఆ ట్యూబ్ 185 నానోమీటర్లు కూడా వదిలి ఓజోన్ పుట్టిస్తోంది. ఓజోన్ రేకు చాటుకూ వెళ్తుంది, పొరనూ రబ్బరు వాషర్లనూ తింటుంది. సెన్సర్ మార్చడం కంటే ఓజోన్ రాని ట్యూబ్ వేయించడం చవక. సెన్సర్ చూడటానికి గదిలోకి వెళ్లేటప్పుడు ట్యూబ్ ఆర్పే వెళ్లాలి, కంటికీ చర్మానికీ నిమిషాల్లో దెబ్బ తగులుతుంది.

మిర్చి గ్రేడింగ్ షెడ్డులో పురుగుల లైటు పక్కనే సెన్సర్ ఉంది. ఇబ్బందా?

ఆ నీలి ట్యూబ్ 365 నానోమీటర్ల దగ్గరి యూవీ-ఏ, బలహీనమైనది. రెండు మీటర్లు జరిపితే చాలు. అక్కడ అసలు శత్రువు కారం దుమ్ము. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి గుమ్మరించేచోట ఫిల్టర్ మీద ఎర్రగా పేరుకుని గాలిని ఆపేస్తుంది. తేమ మారిన అరగంటకు గానీ రీడింగ్ మారదు. నెలకోసారి ఫిల్టర్ మూత విప్పి డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి ఆరబెట్టండి. నోటితో ఊదకండి, కంప్రెసర్ గాలి పట్టకండి.

పాలీహౌస్ షీటు యూవీ స్టెబిలైజ్డ్ అని రాసి ఉంది. లోపల సెన్సర్‌కు షీల్డు అక్కర్లేదా?

కావాలి. ఆ మాట షీటు ఆయుష్షు గురించి. లోపలికి వెలుగు రాకపోతే మొక్కే పెరగదు, ఆ వెలుగే సెన్సర్‌నూ కాస్తుంది. ఫాగర్ల నీటి పొగ నేరుగా తగలకుండా, మొక్కల చివుళ్ల ఎత్తులో వేలాడదీయండి.

## సరిచూడటం, మార్చడం

ఇంట్లో తేమ రీడింగ్ సరిచూసుకునే దారి ఉందా?

ఉప్పు పరీక్ష. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, నాలుగు చెంచాల ఉప్పులో చెంచాడు నీళ్లు కలపండి. తడి ఇసుకలా ఉండాలి, పైన నీళ్లు తేలకూడదు. సెన్సర్ ఉప్పుకు తగలకుండా వేలాడదీసి, వైరు రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసి, ఉష్ణోగ్రత పెద్దగా మారని అలమరలో 12 గంటలు ఉంచండి. 25, 30 డిగ్రీల మధ్య ఆ గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ప్యాకెట్ రిఫైన్డ్ ఉప్పు వాడండి. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి, అంకె కిందికి లాగుతాయి. వానాకాలంలో జాడీలో నీరు కారేది వాటి వల్లే.

రెండో డబ్బా మెగ్నీషియం క్లోరైడ్‌తో చేస్తే 32, 33 శాతం వస్తుంది. ఒక్క పరీక్షతో ఆపకండి. సెన్సర్ 79, 37 చూపిస్తే రెండు చోట్లా నాలుగు ఎక్కువ, ప్రోగ్రాంలో 4 తీసేస్తే సరిపోతుంది. 79, 32 చూపిస్తే పొర స్వభావమే మారింది. ఒక అంకె తీసేయడంతో కుదరదు, రెండు బిందువుల మధ్య గీత గీసి దిద్దాలి. అది కూడా తాత్కాలికమే.

ఓవెన్‌లో వేడిచేస్తే సెన్సర్ మళ్లీ బాగవుతుందంటారు, నిజమా?

రంగులు, జిగురు, థిన్నర్ ఆవిర్లు పట్టి తప్పు చూపిస్తుంటే నిజమే. ఎస్‌హెచ్‌టీ రకాలకు తయారీదారు చెప్పిన పద్ధతి: పొడి గాలిలో 100 నుంచి 105 డిగ్రీల దగ్గర 10 గంటలు, తరవాత మామూలు గది వేడిలో 75 శాతం తేమలో 12 గంటలు. ఆ రెండో సగానికి ఉప్పు డబ్బా సరిగ్గా సరిపోతుంది. చిప్, బోర్డు వరకే వేడిచేయాలి, ప్లాస్టిక్ డబ్బాతో కాదు. యూవీకి తెగిన బంధాలు మాత్రం దీనితో అతుక్కోవు. వేడిచేశాక కూడా అదే తప్పు చూపిస్తే ఆ సెన్సర్‌ను పారేయండి.

ఎన్నాళ్లకోసారి మార్చాలి?

షీల్డులో ఉన్న ఎస్‌హెచ్‌టీ31కి ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ఉప్పు పరీక్ష చేసి, తప్పు 4 శాతం దాటితే మార్చండి. డీహెచ్‌టీ22ను పరీక్షించే శ్రమ కూడా దండగే, వేసవి కాగానే కొత్తది పెట్టేయండి. కొత్తదాన్ని వారం రోజులు పాతదాని పక్కనే నడిపి, ఆ తేడాను తేదీతో సహా షీల్డు అడుగు ప్లేటు లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టండి. బయటివైపు రాస్తే ఆ సిరా కూడా ఎండకు వెలిసిపోతుంది.